డీజిల్ ఇంజను వేగం కొలిచే చేతి మీటరు



కాలువ గట్టు మీద నీళ్లు తోడే ఆయిల్ ఇంజను, చేను దున్నే ట్రాక్టరు, కరెంటు పోగానే భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లను తిప్పే జనరేటరు, కాకినాడ రేవు నుంచి వేటకు వెళ్లే మరబోటు. ఇవన్నీ డీజిల్ ఇంజను మీద ఆధారపడ్డ బతుకులే. వీటిలో చాలా ఇంజన్లు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో చెప్పే మీటరు లేకుండానే నడుస్తున్నాయి. ఉన్న మీటర్లలోనూ కేబులు తెగి, ముల్లు సున్నా దగ్గర పడి ఉన్నవి తక్కువేమీ కాదు. అలాంటి ఇంజనుకు మన చేతులతో, కొన్ని వందల రూపాయల ఎలక్ట్రానిక్ సామానుతో వేగం కొలిచే మీటరు ఎలా తయారు చేసుకోవచ్చో, అంతకంటే ముఖ్యంగా అది చూపే అంకె నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో ఈ ప్రసంగంలో చెబుతాను.

అనుభవం ఉన్న మెకానిక్ చెవి మీద నాకు చాలా గౌరవం. నాజిల్ పాడైందో, బేరింగు అరిగిందో ఆయన శబ్దం విని చెప్పగలడు. కానీ ఇంజను 1500 చుట్లు తిరుగుతోందా, 1420 తిరుగుతోందా అని అడిగితే చెప్పడం ఎవరికైనా కష్టం. సంగీతం లెక్కలో ఆ తేడా ఒక్క స్వరస్థానానికి కూడా చాలదు. పాడేవారికి పక్కన శ్రుతిపెట్టె ఉంటుంది. ఇంజను దగ్గర నిలబడ్డవారికి అలాంటి ఆధారం ఏదీ లేదు.

ఆ కాస్త తేడాతో ఏమవుతుందంటారా? చాలా అవుతుంది. ముందు నీళ్ల పంపును తీసుకుందాం. సెంట్రిఫ్యూగల్ పంపు పోసే నీరు వేగాన్ని బట్టి ఉంటుంది. నీటిని ఎత్తే శక్తి, అంటే హెడ్డు, వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ పంపు ఇంజను నుంచి లాగే శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం పదో వంతు తగ్గిందనుకోండి. హెడ్డు నూటికి 81 పాళ్లకు పడిపోతుంది. నీరు చాలా ఎత్తుకు ఎక్కాల్సిన చోట, ఇంజను బాగానే మోగుతున్నా గొట్టంలోంచి చుక్క రాకపోవచ్చు. అదే వేగం పదో వంతు పెంచితే పంపు అడిగే శక్తి సుమారు మూడో వంతు పెరుగుతుంది. ఆ భారమంతా డీజిల్ ఖర్చు మీదా, ఇంజను ఆయుష్షు మీదా పడుతుంది.

ఇక జనరేటరు సంగతి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు ధ్రువాల ఆల్టర్నేటరు నుంచి 50 హెర్ట్జ్ రావాలంటే ఇంజను సరిగ్గా 1500 చుట్లు తిరగాలి. 1400కి పడితే 46.7 హెర్ట్జ్ మాత్రమే వస్తుంది. అప్పుడు చెరువులో ఏరేటరు రెక్కలు ఆ మేరకు నెమ్మదిస్తాయి. వోల్టేజి మాత్రం చాలాసార్లు రెగ్యులేటరు పట్టి ఉంచడం వల్ల తగ్గదు. తక్కువ హెర్ట్జ్ మీద పూర్తి వోల్టేజి పడిన మోటారు అనవసరంగా వేడెక్కుతుంది. రొయ్యకు ప్రాణవాయువు చాలని రాత్రివేళ ఇలా జరిగితే నష్టం మోటారుతో ఆగదు.

ట్రాక్టరు వెనక ఉండి ఇతర యంత్రాలను తిప్పే పీటీఓ షాఫ్టుకు ప్రామాణిక వేగం 540 చుట్లు. నూర్పిడి యంత్రం అంతకంటే నెమ్మదిగా తిరిగితే గింజ పూర్తిగా రాలదు. వేగంగా తిరిగితే గింజ పగులుతుంది. కాబట్టి వేగం తెలియడమంటే నీరు, కరెంటు, గింజ మన అదుపులో ఉండటమే.

మరి డీజిల్ ఇంజను వేగం కొలవడంలో ప్రత్యేకమైన చిక్కు ఏమిటి? పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి చుట్టుకు రెండు స్పార్కులు పడతాయి. ఇగ్నిషన్ కాయిల్ దగ్గర ఆ విద్యుత్ స్పందనలను లెక్కపెడితే చాలు, వేగం తెలిసిపోతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నిరూపించి చూపిన ఇంజనులో స్పార్కే లేదు. గాలిని గట్టిగా నొక్కి, 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటేలా వేడెక్కించి, అందులోకి నూనె చిమ్మితే దానంతట అదే మండుతుంది. వేగాన్ని అదుపు చేసే గవర్నరూ ఇంధన పంపూ పాతకాలపు యాంత్రిక పద్ధతిలో ఉన్న ఇంజను, ఒకసారి స్టార్టయ్యాక, బ్యాటరీ తీసేసినా నడుస్తుంది. అంటే లెక్కపెట్టడానికి దానిలో సిద్ధంగా ఉన్న విద్యుత్ స్పందన లేదు. దాన్ని మనమే పుట్టించుకోవాలి. ఈ పనిలో సగం తెలివి అక్కడే అవసరం. స్పందనను ఎక్కడి నుంచి తీసుకోవాలి? నాకు తెలిసిన దారులు ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది, సెల్ఫ్ స్టార్టరు ఉన్న ఇంజన్లకు ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల చక్రం. దాని ఎదురుగా సన్నటి తీగ చుట్టిన అయస్కాంత పికప్పును మిల్లీమీటరు లోపు ఎడంతో బిగిస్తే, ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక్కో స్పందన వస్తుంది. 120 పళ్లున్న చక్రం 1500 చుట్లు తిరిగితే సెకనుకు 3000 స్పందనలు. ఇంత నిలకడైన సంకేతం మరెక్కడా దొరకదు. కాకపోతే హౌసింగుకు మర వేసిన రంధ్రం కావాలి. ఆ పని మెకానిక్ చేత చేయించాలి. హ్యాండిలు తిప్పి స్టార్టు చేసే పాత ఇంజన్ల ఫ్లైవీల్‌కు పళ్లుండవు గనుక వాటికి ఈ దారి లేదు.

రెండోది, మన మెకానిక్కులు డైనమో అని పిలిచే ఛార్జింగ్ ఆల్టర్నేటరు. దాని లోపల పుట్టేది ఏసీ కరెంటు. డయోడ్లు దాన్ని డీసీగా మార్చకముందే ఒక ఫేజు నుంచి బయటకు తీసిన తీగను డబ్ల్యూ టెర్మినల్ అంటారు. ఎక్కువ ఆల్టర్నేటర్లలో 12 ధ్రువాలుంటాయి, అంటే దాని ఒక చుట్టుకు 6 స్పందనలు. ఇంజను ఒక చుట్టు తిరిగేలోపు ఆల్టర్నేటరు రెండున్నర చుట్లు తిరిగే పుల్లీ ఉంటే, ఇంజను చుట్టుకు 15 స్పందనలు. కొన్నిటిలో 16 ధ్రువాలుంటాయి కాబట్టి గుడ్డిగా నమ్మకూడదు. పైగా బెల్టు జారితే అంకె కూడా జారుతుంది. ఆల్టర్నేటరు ఛార్జింగు మొదలుపెట్టకపోతే సంకేతమే రాదు.

మూడోది, నేను మొదటిసారి చేసేవారికి సిఫారసు చేసేది. క్రాంక్ పుల్లీ మీదో ఫ్లైవీల్ ముఖం మీదో పైకి వచ్చిన బోల్టు తల సాధారణంగా ఉంటుంది. దాని ఎదురుగా, నాలుగు మిల్లీమీటర్ల దూరం నుంచి ఇనుమును పసిగట్టే ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సరును గట్టి బ్రాకెట్ మీద బిగించండి. బోల్టు దాటిన ప్రతిసారీ ఒక స్పందన. తిరిగే భాగానికి కొత్తగా ఏదీ అతికించాల్సిన పనిలేదు. దుమ్ము, నూనె, ఎండ దీన్ని పెద్దగా బాధించవు.

బోల్టు లేకపోతే చిన్న అయస్కాంతం, దాన్ని పసిగట్టే హాల్ సెన్సరు వాడతారు. ఇక్కడ ఒక లెక్క వినండి. 5 గ్రాముల అయస్కాంతాన్ని కేంద్రం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి 1500 చుట్లు తిప్పితే, అది బయటికి లాగే బలం సుమారు కిలోంబావు బరువుతో సమానం. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లై, 5 కిలోలు. జిగురు ఒక్కటే నమ్ముకుంటే అయస్కాంతం ఊడి రాయిలా ఎగిరి మనిషికి తగులుతుంది. రంధ్రంలో కూర్చోబెట్టి, మరతో బిగించిన తర్వాతే దాన్ని తిప్పాలి. మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీల వేడి దాటితే బలం కోల్పోతుందని కూడా గుర్తుంచుకోండి. హాల్ సెన్సర్లలో చాలావాటికి అయస్కాంతం ఒక ధ్రువమే అర్థమవుతుంది. స్పందన రాకపోతే అయస్కాంతాన్ని తిరగేసి చూడండి.

నాలుగోది, నాజిల్‌కు వెళ్లే ఇనుప గొట్టం మీద బిగించే పీజో పట్టు. నూనె చిమ్మిన ప్రతిసారీ ఆ గొట్టం అతి స్వల్పంగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పీజో విద్యుత్తుగా మారుస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక సిలిండరుకు రెండు చుట్లకు ఒక్కసారే నూనె పడుతుంది. కాబట్టి సెకనుకు వచ్చే స్పందనలను 60తో కాక 120తో గుణించాలి. క్యామ్ షాఫ్టు మీద సెన్సరు పెట్టినా ఇదే సూత్రం. జనరేటరు ఉన్నవారు ఇవేవీ పెట్టకుండా, 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు ద్వారా దాని ఏసీ కరెంటు ఫ్రీక్వెన్సీనే కొలవచ్చు. 230 వోల్టులను నేరుగా ఎలక్ట్రానిక్ బోర్డుకు ఎప్పుడూ తగిలించవద్దు.

ఇప్పుడు సర్క్యూటు. సెన్సరు నుంచి వచ్చే స్పందన శుభ్రంగా ఉండదు. సెల్ఫ్ కొట్టినప్పుడు, రిలే తెరుచుకున్నప్పుడు, 12 వోల్టుల తీగల్లో పెద్ద వోల్టేజి పోట్లు పుడతాయి. అందుకని ప్రాక్సిమిటీ సెన్సరుకూ లెక్క చేసే ప్రాసెసరుకూ మధ్య ఆప్టోకప్లర్ ఒకటి పెట్టండి. అందులో ఒకవైపు చిన్న దీపం, మరోవైపు దాన్ని చూసే ట్రాన్సిస్టరు. మధ్యలో తీగ లేదు గనుక ఇంజను వైపు పోటు ప్రాసెసరును చంపలేదు. కరెంటు వచ్చే తీగకు ఫ్యూజు, పోట్లు మింగే టీవీఎస్ డయోడు, తర్వాత 5 వోల్టుల రెగ్యులేటరు. సెన్సరు తీగను షీల్డు ఉన్నది తీసుకుని, సెల్ఫ్ మోటారు తీగకు దూరంగా నడపండి. పికప్పు కాయిలో డబ్ల్యూ టెర్మినలో వాడితే, వచ్చిన తరంగాన్ని చదరంగా మార్చే ష్మిట్ ట్రిగ్గర్ అవసరం.

లెక్క చేసే పనికి ఇటలీలోని ఇవ్రియాలో 2005లో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో బోర్డు సరిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే మొదటి ప్రయత్నం, ఒక సెకనులో వచ్చిన స్పందనలను లెక్కపెట్టి 60తో గుణించడం. చుట్టుకు ఒక్క స్పందన వచ్చే ఏర్పాటులో 1500 వేగానికి సెకనుకు వచ్చేవి 25. ఒకటి అటూ ఇటూ అయితే అంకె ఒక్కసారిగా 60 చుట్లు గెంతుతుంది. అలాంటి మీటరుతో 1500కీ 1450కీ తేడా తెలియదు.

సరైన పద్ధతి, స్పందనకూ స్పందనకూ మధ్య కాలాన్ని కొలవడం. 1500 వేగంలో ఒక చుట్టుకు 40 మిల్లీసెకన్లు, అంటే 40,000 మైక్రోసెకన్లు పడుతుంది. మామూలు ఆర్డుయినో గడియారం నాలుగేసి మైక్రోసెకన్ల అంగలతో కొలుస్తుంది. అంటే పదివేలలో ఒక పాలు ఖచ్చితం. 6 కోట్లను ఆ మైక్రోసెకన్లతో భాగిస్తే నిమిషానికి చుట్లు వచ్చేస్తాయి. కాగితం దగ్గరుంటే ఈ లెక్క రాసుకోండి.

ఒంటి సిలిండరు ఇంజనుకు ఇంకో సూక్ష్మం ఉంది. నాలుగు స్ట్రోకుల్లో బలం ఇచ్చేది ఒక్కటే. బలం వచ్చిన చుట్టు కాస్త త్వరగా, గాలిని నొక్కే చుట్టు కాస్త నెమ్మదిగా పూర్తవుతాయి. ఒక్కో చుట్టును విడిగా చూపిస్తే అంకె పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. అది మీటరు తప్పు కాదు, ఇంజను స్వభావం. అందుకే ఎప్పుడూ సరి సంఖ్యలో, 4 చుట్లకో 8 చుట్లకో సగటు తీయాలి. దీనికి తోడు ప్రోగ్రాములో రెండు నియమాలు రాయండి. ఆ ఇంజనుకు సాధ్యం కానంత త్వరగా వచ్చిన స్పందనను వదిలేయాలి. సెకను పాటు స్పందనే రాకపోతే సున్నా చూపాలి. మొదటి నియమం లేకపోతే అబద్ధపు అంకె వస్తుంది. రెండోది లేకపోతే ఆగిన ఇంజనుకు కూడా మీటరు పాత వేగమే చూపుతూ ఉంటుంది.

మీటరు వెలిగింది, అంకె వచ్చింది. పని అయిపోయిందా? లేదు. అసలైన పని ఇప్పుడే మొదలవుతుంది. పరీక్షించని మీటరు, మీటరు లేకపోవడం కంటే ప్రమాదం. ఎందుకంటే మనిషి తన చెవిని అనుమానిస్తాడు గానీ వెలుగుతున్న అంకెను అనుమానించడు. అందుకని రెండు పరీక్షలు చెబుతాను.

మొదటి పరీక్షకు ఇంజను అక్కర్లేదు. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఇంటి కరెంటును, ఒక రెసిస్టరు ద్వారా ఆప్టోకప్లర్‌కు ఇవ్వండి. ఏసీ కరెంటు వెనక్కి మళ్లినప్పుడు కాపాడటానికి దాని దీపానికి ఎదురు దిశలో ఒక డయోడు తప్పనిసరి. సెకనుకు 50 స్పందనలు వస్తాయి. చుట్టుకు ఒక స్పందన అనుకునే మీటరు అప్పుడు 3000 చూపాలి. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీని 49.90కీ 50.05కీ మధ్య నిలపాలని నియమం. ఆ ప్రకారం మీటరు 2994కీ 3003కీ మధ్య ఉంటే సర్క్యూటూ ప్రోగ్రామూ బాగున్నట్టే. 6000 చూపితే ఎక్కడో ఒక్కో స్పందనను రెండుగా లెక్కపెడుతోందని అర్థం.

రెండో పరీక్ష ఇంజను మీద. నల్లటి అట్టబిళ్ల మీద సమాన దూరంలో నాలుగు తెల్ల గీతలు గీసి, ఇంజను ఆగి ఉన్నప్పుడు ఫ్లైవీల్ మధ్యలో గట్టిగా బిగించండి. పాత కాపర్ చోక్ ట్యూబ్‌లైటు వెలుగులో, కాస్త దూరంగా నిలబడి చూడండి. ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. 1500 వేగంలో చక్రం సెకనుకు 25 చుట్లు. అంటే చుట్టుకు నాలుగు మిణుకులు, నాలుగు గీతలు. గీతలు కదలకుండా నిలిచినట్టు కనబడతాయి. వేగం పెరిగితే ముందుకు, తగ్గితే వెనక్కి మెల్లగా జరుగుతాయి. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న లైటుతో ఇది కుదరదు, చాలా ఎల్‌ఈడీ లైట్లతోనూ కుదరదు.

ఇందులో ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఆ ట్యూబ్‌లైటు మీరు పరీక్షిస్తున్న జనరేటరు కరెంటు మీదే వెలుగుతుంటే, ఇంజను ఏ వేగంలో తిరిగినా నాలుగు గీతలూ నిలిచే కనబడతాయి. లైటూ చక్రమూ కలిసే మారుతుంటాయి గనుక. ఆ లైటుకు కరెంటు లైను నుంచే ఇవ్వాలి. కొలిచేదాన్ని దానితో సంబంధం లేని మరో ఆధారంతో సరిచూడాలన్న సూత్రం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఇంకో మాట. ఆ వెలుగులో తిరిగే చక్రం ఆగిపోయినట్టే ఉంటుంది. చెయ్యి పెట్టారా, పోయినట్టే. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కండువా, లుంగీ అంచు, వదులు చొక్కా చేతులు ఇంజనుకు దూరంగా ఉండాలి.

మీటరు నిజం చెబుతోందని తేలాక దానివల్ల లాభమేమిటో చూడండి. మెకానికల్ గవర్నరు ఉన్న ఇంజను లోడు లేనప్పుడు కాస్త ఎక్కువ, నిండు లోడు మీద కాస్త తక్కువ తిరగడం సహజం. ఖాళీగా 1560, లోడు మీద 1500 ఉంటే భయపడాల్సింది లేదు. ఈ రెండు అంకెలనూ ఇంజను బాగున్న రోజునే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. కొన్నాళ్లకు అదే లోడు మీద 1430 కనిపిస్తే ఫిల్టరు మూసుకుందనో, ఇంధన గొట్టంలోకి గాలి పోతోందనో, ఎయిర్ క్లీనరు నిండిందనో వెతకవచ్చు. పొగ వచ్చేదాకా, ఆగిపోయేదాకా ఆగనక్కర్లేదు. వేగం హద్దు దాటితే మోగే బజరు కూడా ఈ బోర్డుకే తగిలించవచ్చు. గవర్నరు పట్టు తప్పిన డీజిల్ ఇంజను తనంతట తాను వేగం పెంచుకుంటూ పోయి పగిలిపోగలదు కాబట్టి ఆ బజరు ప్రాణం కాపాడే సాధనం. మీటరు ఉంది కదా అని గవర్నరు సీలు విప్పి వేగం పెంచే పని మాత్రం ఎవరూ చేయవద్దు.

చివరిగా ఒక విన్నపం. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో డీజిల్ మెకానిక్ విద్యార్థులు ఒక షెడ్డులో, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు మరో గదిలో చదువుతుంటారు. ఈ మీటరు ఆ ఇద్దరూ కలిస్తేనే సరిగా తయారవుతుంది. సెన్సరు ఎక్కడ బిగించాలో ఒకరికి తెలుసు, స్పందనను ఎలా శుభ్రం చేయాలో మరొకరికి తెలుసు. అధ్యాపకులు ఈ ఏడాది ప్రాజెక్టుగా ఇద్దరినీ ఒకే ఇంజను ముందు కూర్చోబెట్టాలని కోరుతున్నాను. తయారైన మీటరును అలమారలో దాచకుండా, ఊళ్లో నడుస్తున్న ఒక ఆయిల్ ఇంజనుకో చెరువు మీది జనరేటరుకో బిగించి, పైన చెప్పిన రెండు పరీక్షలూ ఆ రైతు కళ్లెదుటే చేసి చూపించండి. ఆ అంకెను ఎందుకు నమ్మాలో రైతుకు తెలియాలి.